రెండో తాళంచెవి

మేజర్ బాబాయి పోయారని పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. ఆ మాట చెప్పి, ఊపిరి తీసుకుని, ఇంకో మాట చెప్పింది.

"నీ దగ్గరున్న తాళంచెవి తీసుకుని రా అబ్బాయ్. ఆయన తమ్ముడు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. పెట్టె తీస్తేగాని తలకొరివి పెట్టనంటున్నాడు."

ఆయన నాకు రక్తబంధువు కాదు. నరసరావుపేటలో మా పక్కింటాయన. సైన్యంలో సిపాయిగా చేరి, సరుకులు చేరవేసే విభాగంలో మేజరుగా రిటైరై వచ్చారు. పిల్లలు లేరు. ఒక్కడే తమ్ముడు, క్రోసూరు అవతల వాళ్ల సొంత ఊళ్లో వ్యవసాయం. అన్నతో మాటలు మానేసి చాలా ఏళ్లయింది. అన్న సైన్యంలో ఉండగా బాగా తిన్నాడని, తిన్నదంతా ముందు గదిలో ఉన్న నల్ల ట్రంకు పెట్టెలో దాచాడని తమ్ముడి నమ్మకం.

ఆ నమ్మకం ఆయన ఒక్కడిదే కాదు. సప్లైలో చేసినోడు తినకుండా ఉంటాడా అని బజారంతా అనుకునేది. బాబాయి చిన్న ఇల్లు కట్టుకుని పాత స్కూటరు మీద తిరిగేవారు. అదీ అనుమానానికే పనికొచ్చింది. పెద్ద ఇల్లు కట్టుంటే తిన్నాడనేవాళ్లు. చిన్నది కట్టాడు కాబట్టి దాచాడన్నారు.

విలేకరిని కనుక నేనూ ఆరా తీశాను. మాచర్ల, గురజాల వైపు ఆయన కింద పనిచేసి వచ్చినవాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఆయన మీద ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. సంతకం లేకుండా నూనె డబ్బా కదలనిచ్చేవాడు కాదని, సెలవు మీద పోయేవాడి సంచి కూడా విప్పి చూసేవాడని తిట్టుకున్నారు. తిన్నాడని మాత్రం ఎవరూ చూపించలేకపోయారు. తినలేదని నేనూ రుజువు చేయలేను. నాకు తెలిసినది అంతవరకే.

ఆయన మొదట లారీ డ్రైవరు. కొండల మీది సైనిక పోస్టులకు బియ్యం, పప్పు, కిరసనాయిలు మోసేవారు. హవల్దారుగా ఉన్నప్పుడు ఒకసారి సీలున్న కిరసనాయిలు డబ్బాలు చూసి సంతకం పెట్టి పైకి పంపారట. సీళ్లు చెక్కుచెదరలేదు. పైన విప్పితే సగం డబ్బాల్లో నీళ్లు. మంచులో ఉన్న జవాన్లు స్టవ్వు లేకుండా రాత్రులు గడిపారు. ఎవరు మార్చారో చివరికి తేలలేదు. అప్పటినుంచి సీలును నమ్మడం మానేశారు.

తర్వాత సుబేదారయ్యారు. సిపాయిల్లోంచి ఆఫీసర్లను ఎంచే పరీక్ష రాసి ఆఫీసరయ్యారు. ఆ రోజుల గురించి ఆయన గొప్పగా ఎప్పుడూ చెప్పలేదు. ఓసారి మాత్రం, ఆఫీసర్ల మెస్సులో తను చెంచా ఎట్టా పట్టుకుంటాడోనని వాళ్లు చూసేవాళ్లని, కింద జవాన్లేమో ఇతను ఇప్పుడు ఎవరి పక్కన అని చూసేవాళ్లని అన్నారు. రెండు వైపులా అనుమానమే. అది ఆయనకు తప్పుగా తోచలేదు. చూడనీ, చూస్తే సరుకు భద్రంగా ఉంటుందనేవారు.

బజారులో ఆయన్ను చూస్తే దుకాణాలవాళ్లకు దిగులు. గుడ్ల అట్ట కొంటే కింది అట్ట తీయించేవారు. బియ్యం కొంటే వరసలో అడుగు బస్తా లాగించేవారు. కిరాణా కొట్టు శెట్టిగారు ఒకరోజు విసిగిపోయి, "మేజరు గారూ, ఇది బోర్డరు కాదండీ, బజారు," అన్నారు. "బోర్డర్లో ఎదురోడు ఎవడో తెలుసుద్ది శెట్టీ," అని బాబాయి అడుగు బస్తాలో చెయ్యి పెట్టారు. ఆ గింజ బాగానే ఉంది. బాగుందని చెప్పి డబ్బులిచ్చి వచ్చారు. మళ్లీ వారం మళ్లీ అడుగు బస్తానే.

నాకు ఆయనతో అసలు పరిచయం వరద ఏడాది. కృష్ణ పొంగి ఒడ్డు ఊళ్లు కొన్ని మునిగాయి. పట్టణంలో వ్యాపారులు బియ్యం, పాలపొడి, దుప్పట్లు పోగుచేసి ఖాళీగా ఉన్న ఒక గోడౌనులో పెట్టారు. పంపకం చూడమని బాబాయిని అడిగారు. సరుకు ఇంకా సర్దనే లేదు, బియ్యం పక్కదారి పడుతున్నాయని పుకారు పుట్టింది. మా ఆఫీసు నన్ను వెళ్లమంది.

ఆయన గోడౌను మెట్టు మీద కూర్చుని ఉన్నారు. బియ్యం బయటికి పోతున్నాయంటున్నారని సూటిగానే అడిగాను. కోపం రాలేదు ఆయనకు.

"నువ్వు నమ్మావా?"

"నమ్మలేదు బాబాయ్. కాదని కూడా అనుకోలేదు."

"అట్టయితే నువ్వే కావాల నాకు."

లేచి ఇనప సామాన్ల కొట్టుకు వెళ్లి ఇంకో తాళం కొన్నారు. గోడౌను తలుపుకు తన తాళం పక్కనే దాన్నీ బిగించి, దాని చెవి నా చేతిలో పెట్టారు. సైన్యంలో ముఖ్యమైన సరుకున్న గదికి రెండు తాళాలు, ఇద్దరి చేతుల్లో రెండు చెవులు ఉంటాయట. ఒక్కడే లోపలికి పోవడానికి ఉండదట. నాకే ఎందుకని అడిగాను.

"నన్ను నమ్మేవోడి చేతిలో చెవి పెడితే ఏందిరా ఉపయోగం? అనుమానం ఉన్నోడి దగ్గరే ఉండాల."

ఆ రోజునుంచి నేను వెళితేగాని లారీ నిండదు. ఆలస్యమైతే, రిపోర్టరు గారికి తెల్లారిందా అని మెట్టు మీదనుంచే పలకరించేవారు. ఒకసారి నాకు మాచర్లలో పని పడింది. చెవి మీ దగ్గరే ఉంచండి బాబాయ్, సాయంత్రం తీసుకుంటానన్నాను. ఆయన నావైపు చూసిన చూపులో కొత్త అనుమానం కనబడింది. చెవి తీసుకోలేదు. నేను తిరిగొచ్చేదాకా లారీ ఆగింది. డ్రైవర్లు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

లారీకి సరుకెక్కించేటప్పుడు ఆయన మాట ఒక్కటే. ముందు దిగాల్సింది చివర ఎక్కించండి. ఊరు చేరగానే కావలసినవి మంచినీళ్లు, పాలపొడి. అవి చివర ఎక్కేవి. పాకల్లో సర్దుకున్నాక కావలసిన గిన్నెలు అడుగున పడేవి. కూలీలకు మొదట విసుగనిపించింది. మోకాటి లోతు నీళ్లలో నిలబడి దించాల్సి వచ్చినప్పుడు ఆ వరస ఎందుకో తెలిసొచ్చింది.

పంపకం ముగిశాక పుకారు దానంతటదే ఆగింది. చెవి తిరిగివ్వడానికి వెళితే బాబాయి తీసుకోలేదు. ఆ రెండు తాళాలనూ ఇంటికి తెచ్చి ముందు గదిలోని ట్రంకు పెట్టెకు వేసి ఉంచారు. వచ్చినవాళ్లందరికీ కనబడే చోట.

"ఉంచుకో. దీనికి కూడా నువ్వే," అన్నారు.

అప్పుడు నా మీదా అనుమానం మొదలైంది. మా వీధి చివర స్కూటర్లు బాగుచేసే మస్తాన్, "పెట్టెలో నీ వాటా ఎంత భాయ్?" అని నవ్వేవాడు. లోపల ఏముందని బాబాయిని అడగకుండా ఉండలేకపోయాను. తను చెబితే తన మాట నమ్మాలని, తను పోయాక తీసి చూస్తే కంటిని నమ్ముకోవచ్చని అన్నారు. పోనీ ఇప్పుడే తీద్దామన్నాను. "ఇప్పుడు అవసరమయ్యేది ఏదీ లేదులే అందులో," అన్నారు.

ఇంటికి సున్నం వేయించినప్పుడు ఆ పెట్టెను నేనూ ఆయనా పక్కకు జరిపాం. ఆయన అటు తిరిగినప్పుడు కొంచెం ఊపి చూశాను. తేలిగ్గానే ఉంది. వచ్చింది ఇనుము చప్పుడు కాదు. బంగారం చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

"ఊపావా?" అన్నారు, ఇటు తిరగకుండానే. "నేనైనా ఊపేవోణ్ణే."

నేను వెళ్లేసరికి బాబాయిని ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. తమ్ముడు గుమ్మంలోంచి కదల్లేదు. స్థూలకాయం, ఎండకు కమిలిన ముఖం. పాడె కట్టే పెద్దాయన వెదుళ్లు తెచ్చి వాకిట్లో కూర్చున్నాడు. పిన్ని గోడకున్న మేకునుంచి బాబాయి తాళంచెవి తీసి, పెట్టె తను తెరవకుండా, మరిది చేతికిచ్చింది.

"ముందు నువ్వు తియ్," అన్నాడు నాతో. "నీ తాళం మార్చలేదని ఏంది నమ్మకం?"

తీశాను. తర్వాత ఆయన తీశాడు. వాకిట్లో ఉన్నవాళ్లంతా గదిలోకి తొంగిచూశారు.

పైన తెల్ల గుడ్డ ఉంది, కొత్తది. తమ్ముడు దాన్ని తీసి పక్కన పడేశాడు. దాని కింద కొబ్బరి తాళ్ల చుట్ట. దాన్నీ పడేశాడు. పాడె కట్టే పెద్దాయన లోపలికి వచ్చి ఆ తాడు చేతిలోకి తీసుకుని లాగి చూశాడు.

"తాడు కోసం బజారుకి మనిషిని పంపబోతన్నా. ఇక్కడే ఉందే."

అప్పుడు అందరికీ అర్థమైంది. తమ్ముడికి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. తాడు తర్వాత గోనెపట్టా చుట్టిన మట్టికుండ వచ్చింది. పట్టా విప్పి కుండలో చెయ్యి పెట్టి చూశాడు. అందులో పాలిథిన్ కవర్లో అగ్గిపెట్టెలు, బిగుతు డబ్బాలో కర్పూరం, నాలుగు గంధపు చెక్క ముక్కలు. నెయ్యికి ఒక చిన్న గిన్నె, ఖాళీది. నిలవ ఉండనిది ఏదీ పెట్టలేదు. ఏది ముందు కావాలో అది పైన, ఏది తర్వాత కావాలో అది కింద. ఆ వరస నాకు తెలిసిన వరసే.

అడుగున ఒక పంచె, కండువా, బనియను ఉన్నాయి. దహనం అయ్యాక కొరివి పెట్టినవాడు స్నానం చేసి కట్టుకోవడానికి. తమ్ముడు వాటినీ తీసి, పెట్టెను తిరగేసి అడుగు రేకును వేళ్లతో కొట్టి చూశాడు. అన్న శెట్టిగారి కొట్లో చేసిన పనే. రేకు ఒక్క పొరే. కింద ఏమీ లేదు.

పిన్ని నేల మీదున్న బనియను తీసి విప్పి పట్టుకుంది. బాబాయి సన్నటి మనిషి.

"ఆయనలాంటోళ్లు ఇద్దరు పడతారు ఇందులో," అంది. "ఇది నీ కొలతే మరిదీ."

తమ్ముడు ఆ బనియను చేతిలోకి తీసుకున్నాడు. ఇదంతా నీకు తెలుసా వదినా అని అడిగాడు. తెలియదంది. నావైపు చూశాడు. తల అడ్డంగా ఊపాను. నమ్మాడో లేదో చెప్పలేను. లేచి, "ఆ కుండ ఇటియ్యండి," అన్నాడు.

సైన్యంలో ఆయన తిన్నారా అన్న ప్రశ్నకు ఆ పెట్టె జవాబు చెప్పలేదు. డబ్బు దొరకని పెట్టె దేన్నీ రుజువు చేయదు. ఆయనైనా అదే అనేవారు. నేను మాత్రం ఆయనకు ఒకందుకు రుణపడి ఉన్నాను. అనుమానించినవాణ్ణి దూరం పెట్టకుండా చేతిలో తాళంచెవి పెట్టిన మనిషిని నా ఉద్యోగంలో మరొకరిని చూడలేదు.

శ్మశానం నుంచి వచ్చి స్నానాలయ్యాక తమ్ముడు ఆ పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఏళ్ల తరబడి పెట్టెలో ఉండటంతో మడతలు గీతల్లా పడి ఉన్నాయి. మోకాలి మీద ఉన్న మడతను అరచేత్తో అదిమి సరిచేస్తున్నాడు. చెయ్యి తీయగానే ఆ మడత మళ్లీ లేచి నిలబడుతోంది.