హసన్ బీ మాల్టా వంటింట్లోకి తొంగిచూసింది

హసన్ బీకి అనుమానం పుట్టిందంటే ఇక అంతే! భూపాలపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్ల పక్కన మిర్చీ బజ్జీల బండి పెట్టుకున్న ఆ మనిషి, నూనె డబ్బా మూత తీసి వాసన చూడందే కొనదు. అలాంటిదాన్ని మాల్టా అనే దేశాన్ని నమ్మమంటే నమ్ముతుందా?

నర్సింగ్ చదివిన చిన్న కూతురు ఉజ్మాకు అక్కడి వృద్ధాశ్రమంలో ఉద్యోగం వచ్చింది. తల్లి ఊ అంటే చాలు, ప్రయాణమే. "యూరప్‌ల చిన్న దేశం అమ్మీ. యుద్ధాలతోని చుట్టూత అందరు ఆగమైతుంటే అది మాత్రం పెరుగుతనే ఉన్నది. కరెంటు రేటు గూడ పెంచలే" అంది ఉజ్మా.

"బొగ్గున్నదా?"

"లేదు."

"నది?"

"లేదు. సముద్రం నీళ్లనే మంచిగ చేసుకొని తాగుతరు."

"మన జిల్లాల ఒక మూలకు వస్తది, బొగ్గు లేదు, నది లేదు. మరి ఎట్ల పెరుగుతదే? ఏదో మతలబున్నది!"

ఈ సంగతులన్నీ ఉజ్మా చెవిన వేసింది రాజీ. రఘునాథపల్లి పిల్ల, నర్సింగ్‌లో ఉజ్మా జోడీ, ఏడాదిగా అక్కడే పని.

పిల్లనిచ్చే ఇంటికి చెప్పాపెట్టకుండా వెళ్లి, మంచినీళ్లడిగే వంకతో వంటింట్లోకి తొంగిచూడడం హసన్ బీ పుట్టింటి ఆనవాయితీ. పెద్ద కూతురు ఆస్మా సంబంధం అలాగే తేల్చింది. మాల్టాకూ అదే పరీక్ష పెట్టింది. ఒక మధ్యాహ్నం ఉజ్మా ఫోన్ లాక్కుని రాజీకి వీడియో కాల్ చేసింది.

రాజీ కిటికీలోంచి సముద్రం చూపించబోయింది.

"సముద్రం నాకెందుకు బిడ్డా? వంటిల్లు చూపెట్టు."

లైట్లు వెలుగుతున్నాయి. నల్లా తిప్పితే నీళ్లొచ్చాయి. బయట కొత్త మేడలు లేస్తున్నాయి. ఇందులో అబద్ధమేమీ లేదే! హసన్ బీకి ఇంకా చిరాకు పుట్టింది. "గిన్నె మూత తియ్యి."

గిన్నె ఖాళీ. పక్కగదిలో నాలుగు మంచాలు. కిరాయిలు మండిపోతున్నాయట, అందుకే నలుగురు. ఎవరి డ్యూటీ వాళ్లది, ఎవరి తిండి వాళ్లది. "ఒక్కదాని కోసం వండబుద్ధి కాదు అమ్మీ. బ్రెడ్డే" అంది రాజీ.

"మరి గిన్ని రోజులు మా పిల్లకు అంత బాగున్నదని ఎందుకు చెప్పినవే?"

రాజీ ముఖం తిప్పుకుంది. "దేశం బాగనే ఉన్నది. నాకే... ఉజ్మా వస్తే తోడుంటదని."

హసన్ బీకి ఒళ్లు మండింది. మరుక్షణమే గుండె తరుక్కుపోయింది. "లే, పొయ్యి ముట్టియ్యి. బియ్యం కడుగు. నేను చూస్తుంట." అన్నం ఉడికి, రాజీ పచ్చడితో కడుపునిండా తినేదాకా ఫోన్ దింపలేదు. ఆ రోజు బండి ఆలస్యంగా తెరిచింది.

"పంపుతవా అమ్మీ?" భయంభయంగా అడిగింది ఉజ్మా.

"పో. గా దేశం మీద నాకు నమ్మకం లేదు. గా రాజీ మీద గూడ లేదు. ఇద్దరు కలిసి తింటరని పంపుతున్న."