గడియారం మూడోసారీ రాలేదు

మా డిపోలో అతన్ని గడియారం అంటాం. పద్దెనిమిదేళ్ళుగా బస్సు నడుపుతున్నాడు, ఒక్క నిమిషం ఆలస్యంగా బయలుదేరిన పాపాన పోలేదు. ఆ బస్సులో కండక్టర్ని నేనే కాబట్టి ఈ మాట ఒట్టేసి చెప్పగలను. పరుగెత్తుకొచ్చి బస్సు అందుకోలేనివాళ్ళ తిట్లు మర్నాడు తినేది కూడా నేనే. అలాంటి మనిషి పేరు పిల్లల ఆసుపత్రి కంప్యూటర్లో పిలిచినా రానివాళ్ళ జాబితాకి ఎక్కింది. అదీ ఒకసారి కాదు.

అతని కూతురికి ఏడేళ్ళు. మూడో ఏట నుంచి మూర్ఛ. రోజుకి రెండు మాత్రలు పడితే అందరు పిల్లల్లాగే గెంతుతుంది, తప్పితే పడిపోతుంది. మాత్రలు ఇవ్వాలంటే మందుల షాపువాడికి డాక్టరు కొత్తగా రాసిన చీటీ కావాలి. నాలుగేళ్ళపాటు నెలనెలా పిల్లని తీసుకెళ్ళి, బెంచీ మీద కూర్చుని, చీటీ తెచ్చుకున్నాడు. ఒక్కసారీ తప్పలేదు. అప్పుడు ఆసుపత్రివాళ్ళకి అతని మీద జాలి కలిగింది. "ఇక మీకు శ్రమ లేదు, డాక్టరు గారు వీడియోలో మీ ఇంటికే వస్తారు" అన్నారు. శ్రమ అక్కడి నుంచే మొదలైంది.

ఫలానా రోజని చెబుతారు, ఎన్ని గంటలకో మాత్రం చెప్పరు. పదికీ పన్నెండుకీ మధ్య ఎప్పుడో ఫోను మోగుతుంది. రెండు నిమిషాల్లో అందుకోకపోతే రానట్టే. మూడుసార్లు రాకపోతే పేరు కొట్టేస్తారు. మళ్ళీ వరసలో చేరితే ఐదు నెలలు ఆగాలి.

మొదటిసారి మోగినప్పుడు గడియారం చేతిలో స్టీరింగు ఉంది, ఫోను నా సంచిలో ఉంది. బండి నడుపుతూ ఫోను ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. "ఎత్తనా?" అన్నాను. "ఎత్తి ఏం చేస్తావన్నా, పిల్ల బళ్ళో ఉంది" అన్నాడు. నిజమే, డాక్టరుకి నా మీసం చూపించి ఏం లాభం? పోనీ తల్లికి చేయమందామంటే, ఆవిడ పనిచేసే బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు.

రెండోసారి సెలవు పెట్టాడు. పిల్లకి తల దువ్వి, తను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తొమ్మిదిన్నరకే ఫోనుని గోడకి ఆనించి ఎదురుగా కూర్చున్నారట తండ్రీకూతుళ్ళు. పదకొండున్నరకి మోగింది. నొక్కాడు. డాక్టరు ముఖం రావాల్సిన చోట, యాప్ పాతబడింది, కొత్తది దించుకోండి అని వచ్చింది. దించుకునేసరికి ఐదు నిమిషాలైంది.

మూడో పిలుపు నాటికి ఇంట్లో ఆరు మాత్రలు మిగిలాయి. మూడు రోజులకి సరి. మావాడు వాటినే పదేపదే లెక్కపెడుతున్నాడు. నాకూ భయం వేసింది. ఒకసారి ఆ పిల్ల మా బస్సులోనే పడిపోతే తల నా ఒళ్ళో పెట్టుకున్నాను, కళ్ళు తేలేయడం ఇంకా మర్చిపోలేదు. ఇద్దరం బుర్రలు బద్దలుకొట్టుకుని, డ్రైవరూ కండక్టరూ మాత్రమే రాగల నిర్ణయానికొచ్చాం: బస్సు అందుకోవాలంటే స్టాపులో నిలబడాలి, డాక్టరుని అందుకోవాలంటే ఆసుపత్రిలో కూర్చోవాలి.

పిల్లతో సహా తొమ్మిదింటికే డాక్టరు గది ఎదుట బెంచీ మీద చేరాం. కౌంటరులోని గుమస్తా కళ్ళద్దాలు సర్దుకుంది.

"మీది వీడియో అపాయింట్‌మెంట్ కదండీ, ఇక్కడికెందుకొచ్చారు?"

"డాక్టరు గారు లోపలే ఉన్నారు కదమ్మా?" అన్నాడు గడియారం.

"ఉన్నారు. మీకు ఫోన్ చేసేది ఇక్కణ్ణించే."

"మరి ఒక్కసారి తలుపు తీస్తే..."

"వీడియోవాళ్ళని లోపలికి పంపకూడదండీ. ఇంటికెళ్ళి రెడీగా ఉండండి."

ఇల్లు గంటంబావు దూరం. మావాడు లెక్కేసుకుని కదల్లేదు. పదీ నలభైకి ఫోను మోగింది. "హలో, వినపడుతోందా?" అని డాక్టరు గొంతు తలుపు అవతల నుంచి మాకు శుభ్రంగా వినపడుతోంది. ఫోనులో మాత్రం చక్రం తిరుగుతోంది. ఆ వరండాలో సిగ్నలు మోగడానికి సరిపోయింది గానీ ముఖం చూపించడానికి సరిపోలేదు. "పాపని చూస్తుండన్నా!" అని ఫోను పట్టుకుని బయటికి పరుగు తీశాడు. పిల్ల లేకుండా డాక్టరుకి ఏం చూపిస్తాడు? అది ఆలోచించే తెలివి ఆ క్షణంలో ఇద్దరికీ లేదు.

లోపల హలోలు ఆగిపోయాయి. గుమస్తా కంప్యూటరులోకి చూసి నిట్టూర్చింది. "మూడోసారి కూడా రాలేదు" అని పైకే చదివింది. నాకు ఒళ్ళు మండింది.

"మేం కనపడటం లేదా తల్లీ?"

"నాకు కనపడితే లాభం లేదండీ" అంది, పాపం బాధగానే.

ఇంతలో తలుపు తెరుచుకుంది. కాస్త తీరిక దొరికినట్టుంది, డాక్టరు టీ కప్పుతో బయటికొచ్చాడు. బెంచీ మీద పిల్లని చూసి ఆగాడు.

"ఎవరి కోసం కూర్చున్నావమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అది లేచి నిలబడింది.

"మీకోసమే డాక్టరు గారూ. మా నాన్న మీతో మాట్లాడటానికి బయటికెళ్ళాడు."

డాక్టరు గుమస్తా వైపు చూశాడు. గుమస్తా కంప్యూటరు వైపు చూసింది. ఆయన కప్పు కౌంటరు మీద పెట్టేసి, పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. నేనూ వెనకాలే దూరాను. కళ్ళు చూశాడు, చేతులు చాపించాడు, గదంతా నడిపించాడు. తీరా చీటీ రాయబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు. రాని రోగికి మందేమిటని దాని పట్టుదల. సొరుగు అడుగునుంచి పాత కాగితాల పుస్తకం బయటికి లాగి చేత్తోనే రాశాడు.

మేం గది బయటికొచ్చేసరికి గడియారం బెంచీ మీద కూలబడి ఉన్నాడు. ఆసుపత్రి నుంచి మెసేజీ వచ్చిన ఫోను నా ముందుకి చాపాడు. "కొట్టేశారన్నా, పాప పేరు కొట్టేశారు" అంటూ అంత మనిషీ ఏడ్చేశాడు.

పిల్ల పరుగెత్తుకెళ్ళి చీటీ అతని చేతిలో పెట్టింది.

"ఎక్కడికెళ్ళిపోయావు నాన్నా? డాక్టరు గారూ నేనూ నీకోసం ఎంతసేపు చూశామో!"