కాజాలమ్మ తాళం వేసిన ఖాతా

ఇందులో తప్పు నాది కూడా ఉంది. ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎవరూ నా నోరు మూయించక్కర్లేదు.

మా కుట్టు దుకాణంలో కత్తెర నాది, కాజాలు ఆమెవి. నేను కత్తిరించిన చొక్కాలకి గుండీలు పట్టే కాజాలు చేత్తో కుట్టేది కాబట్టి అందరూ కాజాలమ్మ అనేవాళ్ళు. కాజాకి ఇంతని కూలి. ఆమె కాజా ఎంత బిగువంటే, గుండీ పెట్టడానికే బొటనవేలు నొప్పెట్టేది. ఒకసారి ఓ ముసలాయన చొక్కా తెచ్చి బల్ల మీద పడేసి, "తల్లీ, విప్పుకోలేక దీంతోనే స్నానం చేశాను" అన్నాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆమె నవ్వలేదు. "ఊడిపోయేదైతే గుండీ ఎందుకండీ?" అంది.

ఆమె అలా అనడంలో వింతేం లేదు. ఇంట్లో ఏదీ నిలిచేది కాదు. మొగుడు మాటకారి. పనికి రేపు వెళ్తాను, అద్దె రేపు కడతాను అంటాడని వాడికి మేం పెట్టిన పేరే రేపు. ఆమె డబ్బాల అడుగున దాచినా, దిండులో పెట్టి కుట్టేసినా, వాసన పట్టినట్టు తీసుకుపోయేవాడు. కొట్టడు, తిట్టడు. నవ్వుతూ తీసుకుపోతాడు. నాకు ఒళ్ళుమంట అక్కడే.

కూతురికి మూడేళ్ళు నిండాక పిల్ల పేరు మీద ఖాతా తెరుస్తానని నన్ను తోడు రమ్మంది. బ్యాంకులో గుమాస్తా రెండు కాగితాలు ముందు పెట్టి ఓపిగ్గానే చెప్పాడు. ఒకదాంట్లో తల్లిగానీ తండ్రిగానీ సంతకం పెట్టి ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు. రెండోదాంట్లో వడ్డీ ఎక్కువ, కానీ పిల్లకి పద్దెనిమిది నిండేదాకా ఎవరూ ముట్టుకోలేరు. ఆ తర్వాత పిల్ల సంతకమొక్కటే చెల్లుతుంది.

"ఏది తీసుకోను అక్కా?" అంది.

ఆలోచించానా? ఆలోచిస్తే నేను నేనెందుకవుతాను! "ఇంకా అడుగుతావేంటే? తాళం ఉన్నదే తీసుకో. ఆ రేపుగాడి చెయ్యి పడదు" అన్నాను.

"మధ్యలో చదువుకో దేనికో కావాల్సొస్తే కష్టమమ్మా. సగం ఇందులో, సగం అందులో వేసుకోండి" అన్నాడు గుమాస్తా. పాపం ఆయన్ని ఇద్దరం వెర్రివాణ్ణి చూసినట్టు చూశాం. సగం బయట పెట్టడమంటే వాడికి సగం చేతికివ్వడమే కదా!

ఆ రోజు నుంచి వారం వారం కట్టింది. కడుపు కట్టుకుని కట్టింది. చెప్పు తెగితే కాజాల దారంతోనే కుట్టుకుంది. రేపుగాడు ఒకటి రెండు సార్లు బ్యాంకు దాకా వెళ్ళి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. ఆ సంగతి తలుచుకుని మేమిద్దరం ఎన్నాళ్ళు నవ్వుకున్నామో.

పిల్లకి పదిహేనేళ్ళప్పుడు రక్తపరీక్షలు చేసే కోర్సులో సీటొచ్చింది. ఫీజు కట్టడానికి పది రోజుల గడువు. ఖాతాలో దానికి రెండింతలుంది. ముగ్గురం పరిగెత్తాం. గుమాస్తా మారాడు, రూలు మారలేదు. "పిల్లకి ప్రాణం మీదికొచ్చే జబ్బు చేస్తే తప్ప ముందుగా ఇవ్వడం కుదరదమ్మా" అన్నాడు.

"అంటే నా పిల్ల ఆరోగ్యంగా ఉండటం తప్పా?" అని కాజాలమ్మ అరిచింది. వరసలో జనమంతా తిరిగి చూశారు. పిల్ల తలొంచుకుని బయటికెళ్ళిపోయింది.

నా దగ్గరున్నది నేనిచ్చాను, మా యజమాని కొంత ఇచ్చాడు. సగానికి కూడా రాలేదు. గడువు దాటిన మర్నాటి నుంచి పిల్ల మా దుకాణంలో తల్లి పక్కన కూర్చుని కాజాలు కుట్టింది. తల్లితో మాట తగ్గించేసింది. రోజూ సాయంత్రం రేపుగాడు వచ్చి గుమ్మంలో నిలబడి, "నా చేతిలో ఉంటే ఆ రోజే కట్టేసేవాణ్ణి తల్లీ. మీ అమ్మే తాళం వేసింది" అనేవాడు. ఎంత సిగ్గులేని నోరు! "నీ చేతిలో ఉంటే దానికి పలక కూడా వచ్చేది కాదురా" అని ఓ రోజు నేను కత్తెర ఎత్తాను. పిల్ల లేచి తండ్రి పక్కకెళ్ళి నిలబడింది. మూడేళ్ళు రోజూ అదే మాట వింటే పిల్ల మాత్రం ఏం చేస్తుంది, నమ్మింది.

పద్దెనిమిది నిండిన రోజు మేం బ్యాంకుకి వెళ్ళేసరికి రేపుగాడు అక్కడున్నాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. వాడు జన్మలో ఏదైనా పనికి వేళకి రావడం అదే మొదలు. కాజాలమ్మ వాణ్ణి పట్టించుకోలేదు. అదే కోర్సులో ఈ ఏడాది కూడా పిల్లని చేర్చుకుంటారని ముందురోజే కనుక్కుని, దరఖాస్తు సంచిలో పెట్టుకొచ్చింది.

పిల్ల సంతకం పెట్టింది. గుమాస్తా డబ్బు కవరులో పెట్టి ఇచ్చాడు. పిల్ల లెక్కైనా చూడకుండా ఆ కవరు తీసుకెళ్ళి తండ్రి చేతిలో పెట్టింది.

"ఏంటమ్మా ఇది?" అంది కాజాలమ్మ. "చదువుకి..."

"నాకు కావాల్సిన రోజు రాలేదుగా. నాన్నకి ఇవాళ కావాలట, ఏదో వ్యాపారం పెడతాడట" అంది పిల్ల. కోపంగా కూడా అనలేదు.

నేను గుమాస్తా వైపు తిరిగాను. "ఇంక ఆ అమ్మాయి సంతకమే చెల్లుతుందమ్మా. కాగితంలో అలాగే ఉంది" అన్నాడు.

రేపు కవరు జేబులో పెట్టుకుని, "రేపు కూర్చుని లెక్క చెప్తాలే" అన్నాడు, నవ్వుతూ. తండ్రీ కూతురూ కలిసి వెళ్ళిపోయారు.

కాజాలమ్మ బ్యాంకు మెట్ల మీద కూలబడింది. దరఖాస్తు ఇంకా సంచిలోనే ఉంది. "అక్కా, అప్పుడు ఆ గుమాస్తా సగం సగం వేసుకోమన్నాడు కదా" అంది.

"అన్నాడు."

'నువ్వే తాళం ఉన్నది తీసుకోమన్నావు' అంటుందని తల దించుకుని కూర్చున్నాను. అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉన్నా బాగుండేది. చీర దులుపుకుని లేచి, "పద అక్కా, పన్నెండు చొక్కాలున్నాయి" అంది.