మడత విప్పని దుప్పటి

అక్క పోయి నెల తిరగకముందే ఆమె గది ఖాళీ చేయవలసి వచ్చింది. అమీర్‌పేటలో ఆమె ఉన్న సందులో ఇప్పుడన్నీ హాస్టళ్ళే. ఒక పిల్లవాడు లేచి పనికి పోగానే రాత్రి పని చేసి వచ్చిన ఇంకొకడు అదే మంచం మీద, అదే దుప్పటి మీద పడుకుంటాడని ఇంటివాళ్ళు చెప్పారు. అక్క ట్రంకు పెట్టె అడుగున ఎర్ర అంచు తెల్ల దుప్పటి ఒకటి దొరికింది. మడతల దగ్గర పచ్చటి గీతలు పడ్డాయి. నేసిన నాటి నుంచి దాన్ని ఎవరూ విప్పలేదని చూడగానే తెలిసింది. ఆ రోజు నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పటి పంజాగుట్ట అంటే తోటలు, బండరాళ్ళు, ఎర్రమంజిల్ గుట్ట, మధ్యలో టాంగాలు నడిచే ఒక బాట. ఆ బాట పక్కన ఎనిమిది గదుల రాతి హోటలొకటి పాడుబడి ఉండేది. వేటకు, షికారుకు వచ్చే దొరల కోసం ఒక నవాబు ఎప్పుడో కట్టించింది. ఆయన పోయాక మూతపడి, గబ్బిలాలకు ఇల్లయింది. గోడలోంచి రావి మొక్కలు మొలిచాయి. మాది నల్లగొండ దిక్కున చిన్న ఊరు, నేత ఇల్లు. మిల్లు బట్ట వచ్చి మా బట్టను అడిగేవాళ్ళు లేకుండా పోయిన రోజుల్లో, నాయిన నేసిన తువ్వాళ్ళు ఏళ్ళ తరబడి కొన్న బేగంగారే ఆ హోటలు మాట ఎత్తారు. ఆమె ఆ నవాబు కోడలు. కట్టడాన్ని బాగుచేసి నడుపుకోమన్నారు. బోనాల నాటికి తాను వచ్చి చూస్తానని, నచ్చితే మాకే ఉంచుతానని, లేకపోతే రాళ్ళ కోసం కూలగొడతానని అడుగుతున్న గుత్తేదారుకు ఇచ్చేస్తానని చెప్పారు. నాయిన ఊళ్ళో ఇల్లు అమ్మి, మగ్గం బండికెత్తి, మేనత్తనూ అక్కనూ నన్నూ తీసుకుని వచ్చేశాడు. అమ్మ అప్పటికే లేదు. తిరిగి పోవడానికి ఊళ్ళో మాకు గడప లేదన్న సంగతి ఎనిమిదేళ్ళదాన్నైన నాకు కూడా తెలుసు.

ఎనిమిది నెలలు పని చేశాం. గబ్బిలాలను తోలి, రావి వేళ్ళు పెరికి, పగుళ్ళకు సున్నం కూరి, బోరబండ నుంచి వచ్చిన కూలీలతో కప్పు మీద గచ్చు వేయించాం. దొరలు భోంచేసిన హాలులో నాయిన మగ్గం దించి, ఎనిమిది మంచాలకూ దుప్పట్లు, కిటికీలకు పరదాలు తానే నేశాడు. ఆయన నిలకడగా ఉన్నది నేను చూడలేదు. మగ్గం మీద లేనప్పుడు గది నుంచి గదికి తిరిగేవాడు. తిండికి కూర్చున్నా మగ్గం కింది చెక్కలు తొక్కుతున్నట్టు పాదాలు ఒకదాని తరువాత ఒకటి ఆడుతూనే ఉండేవి.

మేం మాత్రం ఆ ఎనిమిది నెలలూ గుర్రాల సావిడిలో చాపల మీదే పడుకున్నాం. మా నేత ఇళ్ళలో ఒక పట్టింపు ఉండేది. మగ్గం మీద నుంచి దించిన బట్ట మడత కొన్నవాళ్ళే విప్పాలి. నేసిన ఇంట్లోవాళ్ళు ఒక్కసారి ఒంటికి తగిలించుకున్నా అది పాత బట్టే. నాయిన ఆ నియమాన్ని హోటలుకూ పెట్టాడు. మంచాల మీద మేం కూర్చోవడానికి కూడా వీల్లేదు. గంజి లేని బట్టకూ బట్ట లేని మనిషికీ తేడా లేదనే మా మేనత్త, ఆ దుప్పట్లను వరండా స్తంభాల మధ్య బిగించి కట్టి, పడుగు నూలుకు పెట్టినట్టు చిక్కటి గంజి కుంచెతో పట్టించింది. ఎండాక అవి తలుపు రెక్కల్లా నిలబడ్డాయి. చూసి నాయిన ఎంతో సంతోషపడ్డాడు.

ఆషాఢంలో బల్కంపేట నుంచి బోనాల డప్పుల మోత వినిపిస్తున్న ఒక మధ్యాహ్నం, బేగంగారు పరదాలు కట్టిన మోటారులో వచ్చారు. ఆమెను పెంచిన ఆయమ్మ తెలుగామె కావడంతో మా భాష బాగానే మాట్లాడేవారు. ఏడు గదులు ఒకదాని తరువాత ఒకటి చూశారు. ఎనిమిదో గదిలో దుప్పటి మీద చెయ్యి వేస్తే అది చిటపటలాడింది. ఆమె చెయ్యి తీసేసి నాయిన వైపు తిరిగారు.

"దీని మీద ఎవరన్న పండుకున్నరా?"

"లేదు దొరసానీ," అన్నాడు నాయిన గర్వంగా. "మా ఇంట్ల ఒక్కరు సుత ముట్టలే. మొదటి మడత గిరాకిదే."

"గిరాకి పండుకునే జాగ ఎట్లున్నదో నీకు తెల్వదన్నట్టు. జర నువ్వు పండుకో. నేను బయట కూసుంట."

ఆమె వరండాలో కుర్చీ వేయించుకున్నారు. నాయిన మంచం పక్కనే అటూ ఇటూ తిరిగాడు. పట్టపగలు ఆయన నడుం వాల్చడం మేమెవరమూ ఎరగం. మేనత్తే విసుక్కుంది. "పండుకోరా. కొత్త పెండ్లికొడుకు లెక్క సిగ్గేంది?"

నాయిన పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు గానీ పాదాలు ఆగలేదు. అవి ఆడినప్పుడల్లా గంజి దుప్పటి ఎండుటాకుల్లా చప్పుడు చేసింది. కొంతసేపటికి బేగంగారు, ఎట్లున్నదని అడిగారు. బాగనే ఉన్నదన్నాడు నాయిన. తన చేతి బట్టను తాను తప్పు పట్టడం ఆయనకు చేతనయ్యేది కాదు. బేగంగారు లేచి చెప్పులు తొడుక్కోబోయారు. ఆమె మెట్లు దిగితే ఏమవుతుందో మా అందరికీ తెలుసు.

అప్పుడు పన్నెండేళ్ళ మా అక్క నోరు విప్పింది.

"దుప్పటి గుచ్చుతది అమ్మా. మంచం కిటికి కింద ఉన్నది, మాపటీలి ఎండ మొకం మీదనే పడతది. వాన పడితే తలాపుకు చుక్కలు రాలుతయి. నీళ్ళ కుండ దూరం, దూప అయితే లేవాలె."

"నీకెట్ల తెలుసు?"

"నేను పండుకున్న. ఇక్కడనే. మస్తు దినాలు."

నాయిన లేచి కూర్చున్నాడు. ఆ క్షణాన ఆయన పాదాలు ఆగాయి. నా జ్ఞాపకంలో అవి ఆగింది ఆ ఒక్కసారే. బేగంగారు మళ్ళీ కుర్చీలో కూర్చుని, ఆ పిల్ల చెప్పినవన్నీ సరిచేయమని, రాళ్ళవాడికి కబురు పంపనని అన్నారు. హోటలు మాకు దక్కింది.

గంజి ఉతికేశాం, మంచాలు జరిపాం, కప్పు మళ్ళీ వేయించాం. మనుషులు రాసాగారు. కానీ నాయిన అక్కతో చాలా రోజులు మాట్లాడలేదు. ఇల్లు నిలిచింది అక్క వల్లేనని ఆయనకు తెలుసు. మంచం ఎవరూ ముట్టలేదన్న తన మాట పరాయి మనిషి ముందు అబద్ధమైందీ ఆమె వల్లే. దీపావళి ముందు ఒక పొద్దున ఆయన మగ్గం మీద నుంచి ఒక దుప్పటి దించాడు. గంజి పెట్టనివ్వలేదు. నాలుగు మడతలు పెట్టి అక్క ఒళ్ళో ఉంచి, "మడత నువ్వే విప్పు బిడ్డా," అన్నాడు. మళ్ళీ మగ్గం దగ్గరికి పోయాడు.

పదేళ్ళు నడిచింది ఆ హోటలు. తరువాత బేగంగారూ పోయారు, నాయినా పోయాడు, రాళ్ళవాళ్ళకు వాళ్ళ రాళ్ళు దొరికాయి. ఇప్పుడు ఆ బాట మీద నిలబడి హోటలు ఎటువైపు ఉండేదో చూపమంటే నేను చూపలేను.

అక్క ఆ దుప్పటి ఎందుకు విప్పలేదో నాకు తెలియదు. కోపమా, గౌరవమా, ఏ రోజు కోసం దాచుకుందో ఆ రోజు రానే లేదా, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడగవలసింది. ఎవరు పడుకుని లేచారని ఎవరూ అడగని హాస్టలు మంచాల మధ్య, ఎవరూ పడుకోని ఆ దుప్పటి పెట్టుకుని ఆమె చివరిదాకా చాప మీదే పడుకుంది. నేను దాన్ని నా మంచం మీద పెట్టాను. విప్పుదామని చెయ్యి వేస్తాను, తీసేస్తాను. మడత విప్పమని నాయిన నాతో అనలేదు. లేచి తిరుగుతాను, మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంటాను. కాసేపటికి చూసుకుంటే కింద నా పాదాలు ఆడుతూ ఉంటాయి.