కాకతీయుల పొరలో మిరపగింజ

నేను ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే నేరం మిరపకాయల మీద వేస్తాను. అందులో అబద్ధం లేదు. మా అమ్మ మట్టెవాడలో ఒక సేటు కొట్టు వెనుక మిర్చికి తొడిమలు తీసే కూలి. నాకు కూర్చోవడం వచ్చిన నాటి నుంచి ఆమె పక్కన కూర్చొని తొడిమలు తీశాను. ఏడేళ్లప్పుడు నన్ను బడిలో వేశారు. ఒక్కరోజే వేశారు.

ఆ రోజు పంతులు పలక మీద ఒక అక్షరం రాసిచ్చి దిద్దమన్నాడు. వంకర పోయింది. ఉమ్మి తడి చేసి అరచేత్తో తుడిచాను. పక్కనున్న పిల్ల నా పలక తీసుకొని చూసి, తర్వాత కన్ను నలుపుకుంది. ఆమెను ఓదార్చబోయిన పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. కాసేపట్లో మా వరుస వరుసంతా ఏడుస్తోంది. ఏమైందో చూద్దామని వచ్చిన పంతులు పలక ముట్టుకున్నాడు, ఆ తర్వాత ముక్కు ముట్టుకున్నాడు. మంచివాడే, కొట్టలేదు. తుమ్ములు ఆగాక, చేతులు చల్లారినంక రా బిడ్డా అని పంపించాడు.

ఆ చేతులు చల్లారడానికి యాభై ఏళ్లు పట్టింది. పెళ్లయ్యాక ఎనుమాముల మార్కెట్లో అదే పని, అదే ఘాటు. చివరికి దగ్గు పట్టుకొని ఇక ఆ యార్డులో కూర్చోలేనని తేలినప్పుడు, నా కోడలు నన్ను కూర్చోబెట్టి చదువు చెప్పింది. ఆమె పదో తరగతి దాకా చదివింది. పలకకు నేను భయపడతానని, ఇంట్లో మిగిలిన తొడిమలతో నేల మీద అక్షరాలు పేర్చింది. మిర్చి తొడిమ ఒక కొసన వంగి ఉంటుంది. దాన్ని చూస్తే తలకట్టు కోసమే పుట్టిందనిపిస్తుంది. 'ఠ' లోపలి చుక్కకు మాత్రం తన బొట్టుబిళ్ల తీసి పెట్టింది. రోజూ ఊడ్చేటప్పుడు చదువంతా చీపురులో పోయేది. మళ్లీ పేర్చేదాన్ని. అలా ఒక ఏడాదికి రాయడం వచ్చింది.

వచ్చిన రాతను ఏం చేసుకోవాలో తెలియక గోడ మీది క్యాలెండరు, నూనె ప్యాకెట్లు, కరెంటు స్తంభాల మీది కాగితాలు చదువుకుంటూ ఉండగా, కోట మట్టిగోడ అవతల తవ్వకాలు మొదలుపెడుతున్నారని, ఆడవాళ్లను కూలికి పిలుస్తున్నారని మా వదిన చెప్పింది. వరసకే వదిన. మార్కెట్లో ముప్పై ఏళ్లు నా ఎదురుగా కూర్చొని తొడిమలు తీసిన మనిషి. ఇద్దరం వెళ్లాం.

తవ్వకమంటే గడ్డపారలు, పలుగులు అనుకున్నాం. అక్కడ చిన్న తాపీలతో గీకుతారు, బ్రష్షులతో ఊడుస్తారు. వాకిలి ఊడ్చినట్టు ఊడ్చుకుంటూ పోతే కాకతీయుల కాలం వస్తుందట. మట్టి పొరలు పొరలుగా ఉంటుంది. పైది మన కాలం, కిందికి పోయినకొద్దీ వెనకటి కాలం. మట్టినంతా తట్టలతో మోసుకొచ్చి జల్లెడ పడతారు. పెంకులు, పూసలు, కాలిన గింజలు జల్లెడలో మిగులుతాయి. పచ్చి గింజ మట్టిలో కుళ్లిపోతుంది గానీ, కాలి బొగ్గైన గింజ వందల ఏళ్లైనా అట్లాగే ఉంటుందని అక్కడే తెలుసుకున్నాను. పెసలు దొరికాయి, కొర్రలు దొరికాయి. ఏ ఇల్లాలో పొయ్యి దగ్గర మాటల్లో పడి మాడ్చి ఉంటుంది. తిట్లు తినే ఉంటుంది. ఆమె మాడ్చిందే మనకు చరిత్ర.

దొరికిన ప్రతిదాన్నీ కవరులో వేసి, ఏ గుంటలో, ఏ పొరలో దొరికిందో చీటీ రాసి, కింద తేదీ వేసి లోపల పెడతారు. తవ్వకం చూసుకునే అమ్మాయి నా కోడలి కంటే చిన్నది. పెద్ద చదువు చదువుతోంది. మేము ఆమెను మేడం అనేవాళ్లం, ఆమె మమ్మల్ని అమ్మా అనేది. ఒకరోజు ఆమె రెండు చేతులూ మట్టిలో ఉన్నప్పుడు, చీటీ నేను రాస్తానన్నాను. నమ్మలేదు. రాసి చూపించాను. 'గుంట 3, పొర 2, పూస' అని. అప్పటి నుంచి చీటీల పని నాదే అయింది. పెన్నుకు దారం కట్టి నా మెడలో వేసింది. పుస్తెలతాడు వేసిన రోజు కూడా నేను అంత నిటారుగా నిలబడలేదు.

మిగతా ఆడవాళ్లు నాకు పట్వారమ్మ అని పేరు పెట్టారు. తట్ట ఎత్తుకొని నా ముందు నుంచి పోతూ, పట్వారమ్మా, జర మా భూములు గూడ ఎక్కియ్యరాదు అనేవాళ్లు. నేను నవ్వేదాన్ని కాదు. పట్వారీ నవ్వడు కదా.

ఆ పనికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఒకటి, రాసిన చీటీని చింపకూడదు, కొట్టేయకూడదు. తప్పని తెలిస్తే ఇంకో చీటీ రాసి దాని పక్కన పెట్టాలి. రెండోది, జల్లెడ దగ్గరికి తిండి రాకూడదు. అన్నం దూరంగా వేపచెట్టు కిందే తినాలి. ఇది తప్పిన వాళ్లను జల్లెడ మీది నుంచి తీసేసి తట్ట మోయడానికి పంపుతారు. అప్పటికే ఒకామెను అట్లా పంపారు. పల్లీలు తిన్నందుకు.

జల్లెడ పట్టేటప్పుడు మేడం కథలు చెప్పేది. వెనకటి ఓడలవాళ్ల కథలంటే నాకు ఇష్టం. సముద్రం అవతల ఏముందో తెలియకుండా, అడిగి తెలుసుకోవడానికి ఎదురుగా వచ్చేవాడు కూడా లేకుండా పోయినవాళ్లు. వాళ్లలో ఒకాయన మన మిరియాల కోసమే బయలుదేరాడట. పడమటికి పోయి పోయి ఇంకెక్కడో తేలాడు. తేలినచోటే మన దేశమని వాదించాడు. అక్కడి మనుషులకు మన పేరే పెట్టాడు. చచ్చేదాకా ఒప్పుకోలేదట.

నాకు ఆయన బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు. మా మేనత్త ఒకసారి తొర్రూరు పోవాలని ఇంకో బస్సెక్కి నర్సంపేటలో దిగింది. దిగి, అదే తొర్రూరని బస్టాండులో అందరితో తగువు పెట్టుకుంది. ఊరే మారింది గానీ తాను దారి తప్పలేదని ఆమె వాదన. ఆమె చేతిలో ఓడ లేదు కాబట్టి సరిపోయింది.

ఆ నావికుడికి అక్కడ మిరియాలు దొరకలేదు. మిరపకాయ దొరికింది. ఆ మిరపకాయే తర్వాత ఓడలెక్కి మన ఒడ్డుకు వచ్చిందని, కాకతీయులు పోయిన రెండు వందల ఏళ్లకు గానీ మనవాళ్లు దాని మొహం చూడలేదని మేడం చెప్పింది. జల్లెడలు ఆగిపోయాయి. మా బతుకంతా తొడిమలు తీసింది మనది కాని దానికా? ఎనుమాములలో బస్తా మీద బస్తా ఆకాశాన్ని అంటే ఆ ఎరుపు పరాయిదా?

"గట్లయితే మేడం, గా కాకతీయులు పప్పుల ఏమేసుకున్నరు?" అని వదిన అడిగింది.

"మిరియాలమ్మా."

"పాపం," అన్నది వదిన. గుర్రమెక్కి కత్తి తిప్పిన రాణి కారం ముద్ద ఎరగదని తలచుకొని మేమంతా ఆ పూట దిగులుపడ్డాం.

ఇది జరిగిన నాలుగు రోజులకు నా జల్లెడలో మిరపగింజ దొరికింది.

మధ్యాహ్నం తిండి అయ్యాక, అయిదో పొర మట్టి. అది కాకతీయుల పొర. నల్లగా, చదునుగా, అణా బిళ్ల అంచు నలిగినట్టు ఉన్న గింజ. నేను లక్షల గింజలు చూసినదాన్ని, చూడగానే తెలిసింది. మేడం భూతద్దం పెట్టి చూసింది, చెట్టు నీడకు పోయి చూసింది, మళ్లీ వచ్చి చూసింది. తొందరపడే మనిషి కాదు. ఇక్కడ ఎవరైనా ఏమైనా తిన్నారా అని నాలుగుసార్లు అడిగింది. మేమందరం లేదన్నాం. నిజమే, వేపచెట్టు కిందే తిన్నాం. అప్పుడు ఆమె గింజను కవరులో వేసింది. చీటీ రాయమన్నది. 'గుంట 3, పొర 5, కాలిన మిరపగింజ ఒకటి' అని నా చేత్తో రాశాను. మంచి రాత పడింది.

ఇది నిజమైతే ఓడల కథ తిరగరాయాలని ఆమె అన్నది. వాళ్ల పెద్దసారుకు ఫోన్ చేసింది. రేపు పది గంటలకు వస్తానన్నాడట. ఇక మా ఆడవాళ్ల సంబురం చెప్పలేను. మిర్చి మనదే అయింది. రాణికి కారం దొరికింది. ఆ నావికుడు ఊరికే అంత దూరం తిరిగాడని ఒకామె జాలిపడింది కూడా.

పొద్దు గూకేవేళ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని కొంగు విప్పాను. ముడిలోంచి ఒక కాలిన మిరపకాయ తునక, మూడు నల్ల గింజలు నేల మీద పడ్డాయి.

మా ఇంట్లో కట్టెల పొయ్యి ఇంకా ఉంది. పొద్దున రొట్టె కాల్చాక నిప్పుల్లో ఎండుమిరపకాయలు వేసి కాలుస్తాను. ఉప్పు, ఉల్లిగడ్డతో రొట్టెలోకి అవే. డబ్బాలో పెడితే వదిన నాకు మిగల్చదు. అందుకని రెండు కొంగున దాచుకునే అలవాటు మార్కెట్ నాటిది. ఆ రోజు ఒకటే తిన్నాను, రెండోది ముడిలోనే ఉండిపోయింది. జల్లెడ మీద వంగినప్పుడు కొంగు జారింది. దాన్ని దులిపి నడుముకు చెక్కుకున్నాను. దులిపింది ఎక్కడ? కాకతీయుల మీద.

నాలుగిళ్ల అవతలే ఉన్న వదిన దగ్గరికి పోయి చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చాట ఆపలేదు.

"నువ్వు నోరు మూసుకుంటె గింజ మాట్లాడతదా? ఏం ఫికర్ జేస్తవ్," అన్నది. "మిర్చి మనదైతాంటె నీకేం కడుపునొప్పి?"

"అబద్ధం గదనే."

"రేపు చెప్తె నీ మెడల పెన్ను గుంజుకుంటరు. తట్ట మోస్తవా, పెన్ను మోస్తవా? నువ్వే జెప్పు."

తట్ట బరువు నాకు కొత్త కాదు. కానీ యాభై ఏళ్లు ఆగి మెడలో వేసుకున్న పెన్ను నెల తిరగకుండానే తీసేస్తారు. అదీ మళ్లీ మిరపకాయ వల్లనే. ఏడేళ్లప్పుడు బడి నుంచి పంపించిన వస్తువే, ఇప్పుడు ఇక్కడి నుంచి కూడా పంపిస్తుంది.

ఇంటికొచ్చి ఆ మూడు గింజలను కాగితంలో చుట్టాను. మా మేనత్తను నర్సంపేట పోయి వెనక్కి తెచ్చుకున్నాం. ఆ నావికుడి మాటను మాత్రం ఎవరూ వెనక్కి తేలేదు. ఆయన తప్పు పెట్టిన పేరుతోనే అక్కడి మనుషులను ఇంకా పిలుస్తున్నారట. ఆయనకు కనీసం తాను తప్పినట్టు తెలియదు. నాకు తెలుసు. పైగా చీటీ మీద రాత నాది. నా మొదటి రాతల్లో ఒకటి. అది అక్కడే, కవరులో, నా కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. రేపు మేడం పెద్దసారు ముందు దాన్ని పట్టుకొని నిలబడుతుంది.

తెల్లవారి అందరి కంటే ముందు పోయాను. మేడం అప్పుడే గుడారం తాళం తీస్తోంది. కొత్త చీర కట్టుకుంది. లోపల కవర్లు పెట్టే బల్ల దగ్గర నిలబడి ఇంకో చీటీ రాశాను. 'గుంట 3, పొర 5. ఈ మిరపగింజ కాకతీయులది కాదు. నా రొట్టెలోది. మా పొయ్యిలో కాలింది. కొంగు దులిపితే పడింది. దీని జత మూడు గింజలు ఇందులో పెట్టాను, పోల్చి చూడవచ్చు.' ఇంత పెద్ద చీటీ నేను ఎప్పుడూ రాయలేదు. మడిచి, గింజల పొట్లంతో సహా పాత చీటీ పక్కన కవరులో పెట్టి, కవరు ఆమె ముందు ఉంచాను. మెడలోంచి పెన్ను తీసి దాని మీద పెట్టాను. ఎవరూ చెప్పకముందే పోయి తట్ట తీసుకున్నాను.

ఆమె చీటీ చదివింది. భూతద్దం తీసి నాలుగు గింజలనూ ఒక్కచోట పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. కొత్త చీర అని చూడకుండా మట్టికుప్ప మీద కూర్చుంది. నేను తట్ట పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. ఆఖరికి చీటీ నా వైపు చాపింది.

"అమ్మా, తేదీ వేయలేదు," అన్నది.

తట్ట కింద పెట్టి, పెన్ను తీసుకొని, తేదీ వేశాను.