రెండడుగుల ముష్టి

ఆ రోజుల్లో భయపడటం కూడా నాకో ఉద్యోగంలాగే ఉండేది. జీతం లేదు గాని, సెలవు కూడా లేదు. ఖమ్మంలో ఖానాపురం హవేలి వైపు ఒక గది కిరాయికి తీసుకుని, ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. హెడ్మాస్టరు దగ్గినా భయమే, ఇంటి ఓనరు నవ్వినా భయమే. షేర్ ఆటోవాడు దిగాల్సిన చోటు దాటించేస్తే, ఆపమని అడగలేక తర్వాతి స్టాపు దాకా వెళ్లి నడిచి వచ్చేవాణ్ణి (ఆరోగ్యానికి నడక మంచిదని బళ్లో తోటివాళ్లకు చెప్పేవాణ్ణి). ఇవన్నీ చిల్లర భయాలు. అసలు భయం అశ్వారావుపేట అవతల, అడవికి ఆనుకుని ఉన్న మా ఊళ్లో, సరిగ్గా మా చేను పక్క చేనులో కాపురం ఉండేది. ఊరంతా ఆయన్ని గునపం బాబాయి అనేది. చేతిలో గునపం లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఒకసారి గట్టు మీద దాన్ని పాతి, "దీన్ని దాటేటోడు ఎవడో రాండ్రి" అని పొద్దుగూకేదాకా కూర్చున్నాడట. ఎవరూ రాలేదు. అసలు ఎవరూ రావాలనుకోలేదు కూడా, ఆ రోజు ఊళ్లో పెళ్లి.

ఆయనకీ మా నాన్నకీ పదకొండేళ్ల తగాదా. ఎంత భూమి కోసం అనుకున్నారు? జానెడు. హద్దురాయి తుమ్మచెట్టు మొదలు దగ్గర ఉండేదని నాన్న, కాదు, జానెడు ఇవతల మా వైపే ఉండేదని ఆయన. ఆ రాయి ఏ వానలో పూడిపోయిందో ఎవరికీ కనబడలేదు. కొలవడానికి వచ్చిన సర్వేయరు ఇద్దరి అరుపులూ విని గొడుగు కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు (ఆ గొడుగు చాలా ఏళ్లు మా ఇంట్లో వాడుకున్నాం). నాన్న వెదురు దడి కడితే తెల్లారేసరికి అది ఆయన పొయ్యిలో మండేది. కంచె లేకపోతే మనుషులకు ఫరవాలేదు, బర్రెలకు పండగ. ఆ ఏడు నాన్న ఉన్నదంతా పెట్టి పామాయిల్ మొక్కలు వేశాడు. బాబాయి బర్రెలు వచ్చి రెండు సాళ్లు మొవ్వుతో సహా మేసిపోయాయి. మళ్లీ మొక్కలు తెచ్చి నాటిన వారానికే నాన్న కాలవలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. వేసవి సెలవులకు ఇంటికి వచ్చిన నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"ఒరేయ్, ఇంకోసారి మొక్కలు పోతే తోట మాట మర్చిపోవడమే. నాకింక ఓపిక లేదు. వానలు పడేలోపు గట్టి ముళ్లకంచె పడాలి. హద్దు మీదే పడాలి. ఒక్క అంగుళం లోపలికి జరిగిందని తెలిసిందో, ఈ కట్టుతోనే దేక్కుంటూ వచ్చి పీకి పారేస్తాను."

సరేనన్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. కంచె హద్దు మీద వేస్తే బాబాయి చంపుతాడు, లోపలికి వేస్తే నాన్న చంపుతాడు. లెక్కల మాస్టార్ని కదా, బాగా ఆలోచించాను. నాన్న ఆరు వారాలు మంచం దిగడు. బాబాయి కాళ్లు రెండూ బాగానే ఉన్నాయి. లెక్క తేలిపోయింది.

సత్తుపల్లి నుంచి కంచెల మేస్త్రీ, ఇద్దరు పనివాళ్లు, ట్రాక్టరు నిండా కంచెకు పాతే సిమెంటు కడీలు వచ్చాయి. బర్రెకు సుస్తీ చేసి బాబాయి దాన్ని పశువుల దవాఖానాకు తోలుకుపోయిన రోజే పని మొదలుపెట్టించాను. మేస్త్రీ సుతిలి తాడు పట్టుకుని, "లైను ఎక్కడ సారూ?" అన్నాడు. తుమ్మచెట్టు వైపు చూశాను. ఆయన అడిగే జానెడూ వదిలేద్దామనుకున్నాను. అది చాలదేమో, కొలిచి తిడతాడేమో అనిపించింది. అడుగు వదిలాను. చివరికి రెండడుగులు మా చేలోకి జరిగి, "ఇక్కడ" అన్నాను. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. "మీ భూమి మీకు బరువైందా సారూ?" అన్నాడు. పని చూడవయ్యా అన్నట్టు చెయ్యి ఊపాను. మధ్యాహ్నానికి ఆ వైపు కడీలన్నీ గుంటల్లో నిలబడ్డాయి. కాంక్రీటు మర్నాడు పోద్దామని మట్టి తొక్కి ఉంచాం.

ఎండ కాస్త వాలే వేళకు బర్రె ముందు, గునపం వెనక వస్తూ కనబడ్డాయి. మేస్త్రీకి, పనివాళ్లకు ఒక్కసారే దాహం వేసి బోరు దగ్గరికి పోయారు. నేను జానెడు వెడల్పున్న కడీ వెనక దాక్కున్నాను. బాబాయి మొదటి కడీ నుంచి చివరి కడీ దాకా నడిచాడు, గట్టు నుంచి కడీ దాకా పాదంతో కొలిచాడు, మళ్లీ కొలిచాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏందిరా ఇది?"

"నీ జాగలకు రాలే బాబాయ్! జానెడు గాదు, రెండడుగులు మా దిక్కే వదిలిన. కావాలంటే ఇంకో అడుగు..."

గునపం భూమిలో దిగింది. నా చెప్పుకు బెత్తెడు దూరంలో.

"ముష్టేస్తున్నవారా నాకు? పదకొండేండ్లు మీ నాయినతోని కొట్లాడిన. ఒక్కనాడన్న ఊకె ఇయ్యమని అడిగిన్నా? మీ నాయిన నాకు సమానం, ఆడు ఒకటంటే నేను రెండంట. గజగజ వణికే పోరనివి, నీ తానకెల్లి రెండడుగులు తీసుకుంటే ఊర్ల నా మొకాన ఉమ్ముతరు. కాలిరిగినోని కొడుకును బెదిరిచ్చి భూమి గుంజుకున్నడంటరు!"

"అట్లగాదు బాబాయ్, నేనే ఇష్టంగా..."

"నోర్ముయ్! లెక్కల సారువంట. నీ బడి పోరగాళ్లకు గూడ గిట్లనే వంకర గీతలు నేర్పుతున్నవా?"

గునపం పీకి తుమ్మచెట్టు దగ్గరికి నడిచాడు. నన్ను పాతడానికి చోటు చూస్తున్నాడనుకున్నాను. నిజంగానే తవ్వాడు. మూరెడు లోతున గునపం రాయికి తగిలి ఠంగుమంది. మట్టి చేత్తో తుడిచాడు. పాత హద్దురాయి, మీద చెక్కిన గుర్తుతో సహా, సరిగ్గా నాన్న చెప్పిన చోటే ఉంది.

"గీడ్నే ఉంది," అన్నాడు నావైపు చూడకుండా. "ఎప్పుడూ గీడ్నే ఉంది."

ఆయన వెంటనే గొంతు పెంచాడు. "మీ నాయినకు చెప్పినవో, గీ రాయి పక్కన్నే నిన్ను గూడ పూడుస్త! చెప్తవా?"

"చెప్పను బాబాయ్."

"మరి చూస్తవేంది? పట్టు!"

మొదటి కడీ ఆయనే ఊపి పీకాడు. మేస్త్రీ వాళ్లకు దాహం తీరి వచ్చేసరికి రాయి మీదుగా కొత్త సుతిలి లాగి ఉంది. మూల కడీలకు ఏటవాలుగా ఊతం కడీలు పెట్టలేదని మేస్త్రీని తిట్టాడు, వైరు బిగిస్తే మూల వంగిపోతుందని నన్ను తిట్టాడు, దాహమేస్తోందని అరిచిన తన బర్రెను కూడా తిట్టాడు. పొద్దుగూకేసరికి రాయి మీద మళ్లీ మట్టి పడింది, కడీలన్నీ హద్దు మీద నిలబడ్డాయి. నేను మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాను.

ఇంటికి వెళ్తే నాన్న మొదటి ప్రశ్న, "హద్దు మీదేనా?" అవునన్నాను. "వాడు ఊరుకున్నాడా?" ఊరుకున్నాడన్నాను. నాన్న మోచేతుల మీద లేచి, "ఏం చెప్పావురా వాడికి? గట్టిగా అడిగేశావా?" అన్నాడు. ఆ కళ్లలో మెరుపు చూశాక నిజం చెప్పే ధైర్యం (అది కూడా లేదు నాకు) రాలేదు. "కొంచెం గట్టిగానే మాట్లాడాను" అన్నాను. అంతే! చూడవచ్చిన ప్రతివాడికీ నాన్న ఈ కథే చెప్పాడు. మూడో రోజుకు కథలో గునపం నా చేతిలో ఉంది. నాలుగో రోజున గునపం బాబాయి మా వాకిట్లో నిలబడ్డాడు. వంటింట్లోంచి పెరట్లోకి పారిపోదామని చూశాను గాని, అమ్మ తలుపుకు అడ్డంగా కూర్చుని కూర తరుగుతోంది.

ఆయన పదకొండేళ్లలో మొదటిసారి మా గడప దాటి, నాన్న మంచం పక్కన కూర్చున్నాడు. నన్ను పిలిచాడు. వెళ్లాను, గోడ పట్టుకుని.

"నీ కొడుకు నన్ను జడిపిచ్చిండంట గదా?" అన్నాడు నాన్నతో. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. "అవ్. నిజమే. గట్టి పోరడు. జర జాగ్రత్తగ ఉండాలె వీనితోని."

నాన్న మొహం ఆ రోజు వెలిగినట్టు మళ్లీ ఎన్నడూ వెలగలేదు. అమ్మ టీ ఇస్తే, చక్కెర తక్కువైందని తిట్టి మరీ తాగి వెళ్లాడు బాబాయి.

ఇప్పుడు పామాయిల్ చెట్లు నా తలకు చాలా ఎత్తున ఉన్నాయి. ఊళ్లో ఇప్పటికీ నన్ను గునపాన్ని ఎదిరించినవాడని చెప్పుకుంటారు. నాన్న ఆ నమ్మకంతోనే పోయాడు, నేను బాబాయికిచ్చిన మాట తప్పలేదు. పోయిన ఎండాకాలం ఆ వైపు కడీలు పగిలితే అన్నీ పీకించి, కొత్త మేస్త్రీని పిలిచాను. అతనూ సుతిలి పట్టుకుని, "లైను ఎక్కడ సారూ?" అన్నాడు. నా చెయ్యి దానంతట అదే రెండడుగులు లోపలికి చూపించింది. చప్పున బాబాయి చేను వైపు చూశాను. బాబాయి పోయి ఏడాది దాటింది. తిట్టేవాళ్లు ఎవరూ లేరు. కళ్లు తడిశాయో, నవ్వొచ్చిందో చెప్పలేను, రెండూ అనుకోండి. తర్వాత తుమ్మచెట్టు దగ్గరికి వెళ్లి, మూరెడు తవ్వి, రాయి మీద మట్టి చేత్తో తుడిచి, "గీడ్నే" అన్నాను.