జేబులో ఫ్యూజు

మా పడకగదిలో స్విచ్చి మంచం పక్క గోడకు, ప్లగ్గు ఎదుటి గోడకు ఉండేవి. మా ఆయన మంచం మీద పేపరు చదువుకోవడానికి టేబుల్ లైటు పెడితే వైరు గదికి అడ్డంగా లాగాల్సి వచ్చేది. అది కాలికి తట్టుకుని ఆయన రెండుసార్లు పడబోయారు. అందుకని స్విచ్చి, ప్లగ్గు కలిసి ఉన్న బోర్డు ఒకటి చిలకలూరిపేట నుంచి తెప్పించాను. బిగించడానికి మనిషిని పిలుస్తానంటే ఆయనకు కోపం వచ్చింది.

"నేనుండగా ఇంకోడెందుకే?" అన్నారు.

నిజమే. మిరప సేద్యం చేస్తూనే ఊళ్లో సగం ఇళ్లకు వైరింగు చేసిన మనిషి. కానీ మతిమరుపు జబ్బు మొదలైందని గుంటూరు డాక్టరు చెప్పి ఏడాది దాటింది. ఆ మాట ఈయన నమ్మలేదు. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

ఆయన ముందు పాత వైర్లకు టెస్టరు పెట్టి, కరెంటున్న వైరుకు గుర్తుగా దారం కట్టారు. తర్వాత ఆ గది ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నారు. ఎప్పుడూ అంతే. బల్ల మీద పెడితే ఇంట్లో ఎవరో ఒకరు చూసుకోకుండా మళ్లీ పెట్టేస్తారని భయం. దారం కట్టిన వైరును స్విచ్చికి, అక్కణ్ణించి ప్లగ్గుకి కలిపారు. సున్నపు గోడ పెచ్చు ఊడకుండా బోర్డు బిగించారు. నా గుండె కుదుటపడింది.

టేబుల్ లైటు ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేస్తే వెలగలేదు.

మళ్లీ విప్పి చూసుకున్నారు. జేబులో ఉబ్బెత్తుగా ఫ్యూజు నాకు కనబడుతూనే ఉంది. తనే గుర్తుతెచ్చుకుంటారని చూస్తూ కూర్చున్నాను. మూడోసారీ విప్పి, బిగించి, మంచం మీద కూలబడ్డారు.

"పని మర్చిపోయానే," అన్నారు నా వైపు చూడకుండా.

పని మర్చిపోలేదండీ అని చెప్పాలంటే ఏం మర్చిపోయారో కూడా చెప్పాలి. నా వల్ల కాలేదు.

"కరెంటు పోయినట్టుందండీ. ఈలోగా స్నానం చేసి రండి," అన్నాను.

ఆయన విప్పిన చొక్కాలోంచి ఫ్యూజు తీసి మళ్లీ దాని చోట పెట్టేశాను. స్నానం చేసొచ్చి స్విచ్చి వేశారు. లైటు వెలిగింది.

"చూశావా? కరెంటు లేక నన్ను నేను తిట్టుకున్నా," అని పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వి ఎన్ని నెలలైందో. నేనూ నవ్వి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఈసారి పీకిన సంగతి మర్చిపోయారు. రేపు పీకడమే మర్చిపోతే?

మర్నాడు ఆయన కళ్లంలో మిరపకాయలు చూసొస్తానని వెళ్లగానే టెస్టరు, కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవర్లు మూట కట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. దొంగతనం చేసినట్టే అనిపించింది. అడిగితే ఎవరో పట్టుకెళ్లారని చెబుదామని, ఎవరి పేరు చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

ఆరు నెలలైంది. ఆయన అడగలేదు.